రెండో పాట

పాప ఏడవటం లేదు. ఎదురుగా వేలాడుతున్న మైకును అందుకుని నోట్లో పెట్టుకోబోతూ కిలకిలా నవ్వుతోంది.

"ఇంట్లో ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళే బుద్ధిమంతురాలైపోవాలా!" అన్నాడు డ్రమ్ములు వాయించే బక్కోడు.

అద్దం అవతల కూర్చున్న రికార్డింగు మనిషి, ఇంకెంతసేపు అన్నట్టు చేతులు తిప్పాడు.

"పాలు పట్టి తీసుకొచ్చావు కదూ?" భర్త పళ్లు నూరాడు. "ఆకలితో తీసుకురమ్మన్నానా, లేదా?"

"పసిదాన్ని ఎలా మాడ్చమంటావు?" అంది పాప తల్లి.

వాళ్ల మొదటి పాట వంటింట్లోనే రికార్డయింది. గిటార్ల రొద నడుమ పాప గుక్కపట్టి ఏడిస్తే, మళ్లీ పాడే ఓపిక లేక అలాగే వదిలేశారు. జనం ఆ ఏడుపుకే పడిచచ్చారు. ఈ శైలి ఎక్కడిదని విలేకరులు అడిగితే భర్త మాత్రం కళ్లు అరమోడ్చి పాత విదేశీ రాక్ బృందాల పేర్లూ, ఫ్యాక్టరీల చప్పుళ్లూ, పేదవాడి ఆకలీ ఏకరువు పెడతాడు. ఇప్పుడు కంపెనీవాళ్లకు రెండో పాటలోనూ ఏడుపు కావాలి. లేకపోతే బ్యాండూ లేదు, బాజాలూ లేవు.

"ఒక్కసారి గిల్లు వదినా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అన్నాడు బక్కోడు నేలచూపులు చూస్తూ.

"నీ తొడ గిల్లుకుని నువ్వే ఏడువు!"

ఈలోగా భర్త చెయ్యి పాప తొడ మీదికి పోయింది. ఆమె దాన్ని విసిరికొట్టింది.

"దీని ఒంటి మీద గోరు పడిందో, నీ పాటా వద్దు, నువ్వూ వద్దు. మా అమ్మ దగ్గరికి పోతాను."

భర్త ఆమె మొహంలోకి కాసేపు చూసి, పాపను మెల్లిగా అందుకుని బక్కోడి చేతుల్లో పెట్టాడు.

"దీన్ని బయట గాలికి తిప్పుకురా. పాటా లేదు, గీటా లేదు."

తలుపు మూసుకుంది. అతను ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తప్పయిపోయింది. నిద్రల్లేక ఎలా పీక్కుపోయావో! తిన్నావా, పడుకున్నావా అని నిన్ను ఒక్కనాడైనా అడిగానా నేను?"

పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆమె ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉంది. కట్ట తెగింది. అతని భుజం మీద వాలి, కడుపులో దాచుకున్నదంతా వెళ్లబోసుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. అతను వీపు నిమురుతూనే ఉన్నాడు.

ఏడుపు సన్నగిల్లాక, ఆమె తల మీదుగా అద్దం వైపు చూసి అడిగాడు.

"మొత్తం రికార్డయిందా? ఇంకాస్త ఏడిపించమంటావా?"