గచ్చుకు దూప

"మళ్లీ తడిపిండురా."

శైలేందర్ స్కేటు బోర్డును చంకలో పెట్టుకుని గచ్చు వైపు చూశాడు. ఏటవాలు కింద, సరిగ్గా చక్రాలు మలుపు తిరిగే చోట నీళ్లు నిలిచి ఉన్నాయి.

పక్కనే ముసలాయన బకెటు పట్టుకుని నిలబడ్డాడు.

ఎల్లారెడ్డిలో మూతబడ్డ బియ్యం మిల్లు అది. వెనక వడ్లు ఆరబోసే గచ్చు. వాన నీళ్లు పోవడానికి ఒక పక్క ఏటవాలుగా పోసి ఉంది. చెయ్యి పెడితే జారేంత నునుపు. నాలుగేళ్లుగా ఊళ్లో స్కేటింగ్ చేసేవాళ్లకు అదే చోటు.

మిల్లు కొన్న ఆసామి ఆ జాగలో షటర్ల దుకాణాలు కట్టిస్తానన్నాడు. కామారెడ్డి నుంచి ప్రమోద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చినప్పుడు ఆయనే ఒక మాట అన్నాడు.

"దీనికి ఏదన్న చరిత్ర ఉన్నదని చూపెట్టమ్మా. గా ముక్క విడిచిపెడత."

పది రోజులుగా ప్రమోద అదే పని మీద ఉంది. ఈ గచ్చు పోసింది ఎవరు? ఇంత నునుపు ఎట్లా తెచ్చారు? పాత పటేళ్లను అడిగింది. రిటైరైన సార్లను అడిగింది. ఎవరికీ తెలియదు.

ఇంతలో గచ్చు పగిలింది. చక్రం ఇరుక్కుని ఇద్దరు పడ్డారు. కౌన్సిలరుకు చెప్పుకున్నారు. గురువారం పొద్దున వచ్చి చూస్తే పగులు పూడ్చి ఉంది. కౌన్సిలరు మాట మీద నిలబడ్డాడని మురిశారు.

ఆ పొద్దటి నుంచే ఈ ముసలాయన నీళ్లు.

"ఏంది తాత, మామీద నీకేం పగ?"

"గచ్చుకు దూపైతది బిడ్డా. నీళ్లు తాపాలె."

"గచ్చుకా, నీకా? పొద్దుగాలనే ఎక్కిచ్చినవా?"

తోటి స్కేటర్ సుష్మిత నవ్వింది. "ఆకలి గూడ అయితదా తాత గచ్చుకు? ఇడ్లీ తెమ్మంటవా?"

ముసలాయన కూడా నవ్వాడు. "ఇంకొక ఐదు దినాలు ఓపిక వట్టుండ్రి."

"ఐదు దినాలా? ఎల్లుండి ఆదివారం షూటింగ్ ఉన్నది."

శైలేందర్ బకెటు గుంజుకుని గోడ అవతలికి విసిరాడు. ప్రమోద కెమెరా నడుస్తూనే ఉంది.

"ఇంకోసారి ఈడ కనవడితె బాగుండది."

ముసలాయన కూర్చుని, తడి చోటు అంచును బొటనవేలితో ఒకసారి గీకి చూశాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం కెమెరా ముందు శైలేందర్ ఏటవాలు దిగాడు. పూడ్చిన చోట సిమెంటు పిండిలా రాలింది. చక్రం దిగబడింది. మణికట్టు విరిగింది.

"నాసిరకం పని," అని అందరూ కౌన్సిలరును తిట్టారు.

గచ్చు పోసింది ఎవరో ఎవరికీ తెలియదన్న మాటతోనే సినిమా పూర్తయింది. ఆసామి ఒక నెల చూశాడు. తర్వాత జేసీబీ వచ్చింది.

మరుసటి ఏడాది కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో సినిమా వేశారు. బకెటు గోడ అవతల పడే చోట అందరూ నవ్వారు.

హాలు ఊడ్చే భూమక్క నవ్వలేదు. సినిమా అయిపోయాక చీపురుతోనే శైలేందర్ దగ్గరికి వచ్చింది.

"గాయన నీళ్లెందుకు పోసిండో అడిగినవా కొడుకా?"

"తాగి ఉండె అవ్వా."

"యోబు తాగడు. చర్చిల గంట గొట్టేది ఆయననే. కొత్త సిమెంటుకు వారం దినాలు నీళ్లు తాపాలె. తాపకుంటె పిండైతది."

"కౌన్సిలరు పూడిపిచ్చిండు గదా?"

"ఏ కౌన్సిలరు? నిరుడు దాక ఎల్లారెడ్డిల ఆయనది మాది పక్కపక్క ఇండ్లు. సిమెంటు సంచి నెత్తిన వెట్టుకొని ఆయననే పోయిండు. పోరగాండ్లు పడుతున్నరే భూమక్కా అన్నడు."

శైలేందర్ వంకర తిరిగిన మణికట్టును జేబులో పెట్టుకున్నాడు.

ప్రమోద ముందుకొచ్చింది. "ఇప్పుడు ఏడుంటడు? పోయి కలుస్తం."

"పోయిన నెల మట్టి చేసిండ్రు."

భూమక్క వంగి, కింద పడ్డ చాయ్ గ్లాసులను ఒక పక్కకు ఊడవసాగింది.

"గచ్చు పోసినోళ్లు ఎవరో తెల్వదంటిరి గదమ్మా సినిమాల," తల ఎత్తకుండానే అంది. "సిమెంటు మాలు నేను మోసిన, పోసింది మీరు ఎల్లగొట్టిన యోబు మేస్త్రే."