వంగిన మాస్టారు

"వంగితే నా నడుము విరిగిపోతుందండీ!" అన్నాడు టైలర్ మాస్టారు. రెండేళ్లుగా కిందపడ్డ గుండీ కూడా భార్యే తీసిస్తోంది.

ఆసుపత్రిలో నొప్పి భయం పోగొట్టే కౌన్సెలరమ్మ ఆ మాటే ఆయన చేత కాగితం మీద రాయించింది. "వంగితే పదికి ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నారు?"

"పదకొండు!"

"వంగితే ప్రమాదమేం లేదని డాక్టరుగారు చెప్పారుగా. ఓసారి చూద్దాం." ఆమె పెన్ను కింద పడేసింది.

మాస్టారు కళ్లు మూసుకుని వంగాడు. పెన్ను చేతికొచ్చింది.

"విరిగిందా?" పక్కనే నిలబడ్డ భార్య గుడ్లప్పగించి అడిగింది.

"లేదే! నొప్పి ఆరు... కాదు, అయిదు! భయమే ఎటుపోయిందో!"

తనే పెన్ను విసిరి మళ్లీ వంగాడు. మళ్లీ విసిరాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

"హమ్మయ్య! ఇన్నాళ్లూ మీ వంతు కూడా వంగి నా నడుము పట్టేసింది," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు నవ్వాపి ఆమెను చూశాడు. గబగబా తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.