సందేహాల తాత

"సార్, నాకో సందేహం!"

వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది. క్లాసంతా గొల్లుమంది.

"అయిపోయాం! తాత మళ్ళీ మొదలెట్టాడు," అన్నాడు ముందు వరసలో ఒకడు.

"సగటు ఒక్కటి చెబితే చాలదా సార్? మళ్ళీ ఈ విచలనం ఎందుకు?" అన్నాడు తాత, ఎవరి నవ్వూ పట్టించుకోకుండా.

లెక్చరర్ విసుక్కోలేదు. బోర్డు తుడిచి మొదటి నుంచీ చెప్పాడు.

తాత పక్కన కూర్చున్న అమ్మాయి తల వంచుకుని గబగబా రాసుకుంది. ఆమెకు అర్థం కానిదీ సరిగ్గా అదే.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరినప్పటి నుంచీ ఆమె క్లాసులో నోరు విప్పలేదు. వాదించుకుంటే గానీ బుర్రకెక్కనివాళ్ళు ముందు బెంచీల్లో ఉండేవారు. కలిసి చదివేవాళ్ళు క్యాంటీన్ బల్ల చుట్టూ చేరేవారు. ఆమెకు రెండూ చేతకావు. లేచి నిలబడితే చాలు, మాట బయటికొచ్చేది కాదు. అడగాలనుకున్నది కడుపులోనే దాచుకుని హాస్టల్ గదికెళ్ళి, పుస్తకంతో ఒక్కతే కుస్తీ పట్టేది.

క్లాసు ఆమెకు 'మూగనోము' అని పేరు పెట్టింది.

తాత ఎవరో ఎవరికీ తెలియదు. రిటైరై, పొద్దుపోక వచ్చి కూర్చుంటున్నాడనుకున్నారు.

ఒకరోజు మెట్ల మీద ఎవరో అన్నారు: "తాతా మనవరాలూ భలే కుదిరారు. ఒకళ్ళకి నోరు లేదు, ఇంకొకళ్ళకి బుర్ర లేదు!"

మర్నాడు ఆమె ఆ బెంచీ వదిలి కిటికీ పక్కకు మారింది.

"అక్కడ గాలి బాగా వస్తోందా తల్లీ?" అన్నాడు తాత.

ఆమె తల ఊపింది, అటు చూడకుండానే.

ఆ రోజూ ఆయన చెయ్యెత్తాడు. మెడ సాచి కిటికీ పక్కనున్న ఆమె నోటుపుస్తకం కేసి చూసి మరీ ఏదో అడిగాడు. కానీ ఆమెకు తెలియనిది అది కాదు.

కొన్నాళ్ళకు తాత రావడం మానేశాడు.

పాఠం పరుగందుకుంది. ఎవరూ ఆపేవాళ్ళు లేరు. ఆమెకు ఒక్క ముక్క తలకెక్కితే ఒట్టు. పరీక్ష తప్పింది. వెళ్ళి మళ్ళీ పాత బెంచీలోనే కూర్చుంది, ఒక్కతే.

చివరికి ఒక సాయంత్రం లెక్చరర్ గది గుమ్మంలో నిలబడింది. రెండుసార్లు వెనక్కి వెళ్ళబోయి ఆగింది.

"సార్... ఆ తాతగారు రావట్లేదేం?"

లెక్చరర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాలం చేశారమ్మా, పోయిన నెలలో. నిద్రలోనే."

ఆమె గదిలోకి ఒక అడుగు వేసింది.

"పాపం, ఆయనకి ఏదీ అర్థమయ్యేది కాదు సార్. కానీ ఆయన అడిగితేనే నాకు అర్థమయ్యేది. నేనే... లేచి వెళ్ళిపోయాను."

"ఎందుకిలా నవ్వులపాలవుతారని నేనూ అడిగానమ్మా. 'ఆ పిల్లకి నోరు పెగలదోయ్, అప్పట్లో నీలాగే' అన్నారు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అన్నాడు:

"ఈ సబ్జెక్టు నాకు నేర్పింది ఆయనే."