చేతులు కడుక్కోమన్న మనిషి

"ఈ గదిలోంచి మీ ఆయన్ని మార్పించుకోండి. కట్టు విప్పేవాళ్ళను ముందు చేతులు కడుక్కోమనండి."

రంగమ్మాళ్ తలెత్తి చూసింది. సన్నటి ఆడమనిషి, కళ్ళద్దాలు. ముక్కూ మొహం తెలియదు. గొంతు తగ్గించి తమిళంలో మాట్లాడుతోంది.

అది 2003. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక నర్సింగ్ హోమ్. రంగమ్మాళ్ భర్త చౌడయ్య నాగలాపురంలో మిరప మూటలు ఎక్కిస్తూ బండి మీంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేసి రెండు రోజులైంది.

"మీరెవరు?" రంగమ్మాళ్ కూడా తమిళంలోనే అడిగింది.

"ఎవరైతే ఏముంది. ఇక్కడి క్రిములు మందులకు లొంగడం లేదు. నా మాట వినండి."

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే మాట.

రంగమ్మాళ్‌కు భయం పట్టుకుంది. వెళ్ళి ఆ నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్ హరికృష్ణన్‌తో చెప్పింది. ఆయన వీళ్ళలాగే తెలుగువాడు. వీళ్ళు ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మాట్లాడతాడు. ఆ ఒక్క కారణానికే సర్కారు ఆసుపత్రి దాటుకుని ఇక్కడికి వచ్చారు.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు.

"అది విరుదునగర్ ఆస్పత్రికి రోగుల్ని పట్టిచ్చి కమీషన్ తినే మనిషి, అక్కా. దాని మాట వినొద్దు. నేనుండాను కదా."

నాలుగోనాడు ఆమె గుమ్మంలో కనపడగానే రంగమ్మాళ్ వాచ్‌మన్‌ను పిలిచింది.

"ఈమెను బయటికి పంపు. మాకు మా డాక్టరు చాలు."

వాచ్‌మన్ చెయ్యి వేయలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆమే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

వారం తిరక్కుండానే కుట్ల దగ్గర చీము పట్టింది. జ్వరం దిగలేదు. సూదిమందులు మార్చారు. మళ్ళీ మార్చారు.

ఇరవయ్యో రోజున హరికృష్ణన్ చీటీ రాసిచ్చాడు.

"ఆయన వొంట్లో బలం లేదు అక్కా. విరుదునగర్ తీసకపోండి."

అక్కా అన్నాడు గానీ ఆమె మొహం చూడలేదు.

విరుదునగర్‌లో పెద్ద డాక్టరు చీము పరీక్ష చేయించాడు. కాలు తీసేస్తేనే ప్రాణం దక్కుతుందన్నాడు. మోకాలి దాకా తీసేశాడు.

అయిదోనాడు రంగమ్మాళ్‌ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయనకు తెలుగు వచ్చు.

"మీ ఆయన వొంటి తప్పు కాదమ్మా. ఆ నర్సింగ్ హోమ్ నుంచి ఇదే క్రిమితో వచ్చినవాళ్ళలో ఈయన నాలుగోవాడు."

"ఆ డాక్టరుకి తెలీదా సామీ?"

"తెలుసు. అక్కడ ల్యాబ్ చూసే డాక్టరమ్మ ముందే రాసిచ్చింది. రోగులుండే గదిలోనూ, కట్లు కట్టేవాళ్ళ చేతుల మీదా క్రిమి ఉందని, పది రోజులు ఆపరేషన్లు ఆపి అంతా శుభ్రం చేయించమని. ఆయన ఆ కాగితం చించేసి, ఆమెను ల్యాబ్‌లోకి రావద్దన్నాడు. అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పింది."



"మా మాట మాట్లాడినాడే," అంది రంగమ్మాళ్. "అక్కా అన్నాడే. అంతా తెలిసే అన్నాడా."

డాక్టరు మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

"ఆ డాక్టరమ్మ ఎట్లుంటాది?"

"సన్నగా ఉంటుంది. కళ్ళద్దాలు. పని పోయాక కూడా రోజూ వెళ్ళి రోగులకు చెప్పేది. ఒకనాడు రోగి తాలూకు వాళ్ళే బయటికి పంపించారట. ఆ తర్వాత మానుకుంది."

రంగమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే సామీ పంపించింది. ఆమె ఇల్లు యాడుండాదో చెప్పండి. పొయ్యి కాళ్ళ మీద పడతాను."

"కోవిల్‌పట్టిలో ఇప్పుడామెకు ఇల్లు లేదమ్మా," అన్నాడాయన. "హరికృష్ణన్ ఆమె భర్త."