ఏడో మలుపు

మ్యాపు మీద ఒక వేలు వచ్చి పడింది. గోటి కింద మసి.

"ఇక్కడ ఆగండి," అన్నాడు ఎవరో ముసలివాడు.

స్టెర్గియోస్ మ్యాపు తన వైపు లాక్కున్నాడు.

కొండ కింది కాఫీ కొట్టులో కూర్చుని, కూతురు వాయాతో కలిసి పాత ఘాట్ రోడ్డు మీద ఎక్కడెక్కడ ఆగాలో గుర్తులు పెడుతున్నాడతను. రాతి వంతెన. ఊట. మేకల దొడ్డి దగ్గర చీజ్. లోయంతా కనిపించే బండ. ఆ తర్వాత సొరంగం దారి పట్టేస్తే సరి.

సొరంగంలో వెళితే ఏడో మలుపు తగలదు.

"అమ్మ గూడు దగ్గర ఆగకుండానా?" అంది వాయా. "నెలనెలా వెళ్లి దీపం పెడుతున్నానని ఫోన్లో చెబుతావుగా. ఒక్కసారి నన్నూ పెట్టనీ నాన్నా."

అతని భార్య పొలిక్సేని కారు ఏడో మలుపులోనే లోయలో పడింది. తొమ్మిదేళ్లయింది. రోడ్డు వారన ఆమె గుర్తుగా ఇనప గూడు నిలబెట్టి, లోపల ఆమె ఫొటో, నూనె దీపం ఉంచి వచ్చాక స్టెర్గియోస్ మళ్లీ అటు పోలేదు. ఒక్కసారి కూడా.

ఈపాటికి అది తుప్పు పట్టి కూలిపోయి ఉంటుంది. ఇవాళ కూతురు దాన్ని చూస్తుంది.

ముసలివాడు కదల్లేదు. చంకలో ఆకుపచ్చ సీసా. దాని మూతికి మొక్కజొన్న బెండు.

"ఏడో మలుపు దాకా నన్నూ ఎక్కించుకో నాయనా. ఇవాళ మోకాలు మాట వినడం లేదు."

"అక్కడ నీకేం పని?"

"ఒకావిడ నా కోసం ఎదురుచూస్తుంటుంది."

కొట్టు నడిపే అరెతి పకపకా నవ్వింది.

"ఈ వయసులోనా తాతా! తలైనా దువ్వుకుని వెళ్లు."

స్టెర్గియోస్ నవ్వలేదు. ఏడో మలుపులో ఇల్లు లేదు, మనిషి లేడు. దారి కాచి దోచేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాని చోటది.

"కారు ఆగాక పొదల్లోంచి ఎంతమంది బయటికొస్తారు?" అన్నాడు.

ముసలివాడు బిత్తరపోయాడు.

"నాన్నా, ఏంటది!"

"నువ్వూరుకో. పొద్దున్నే సారా సీసా చంకలో పెట్టుకున్నవాణ్ణి నా కారెక్కిస్తానా? పోవయ్యా, పో."

ముసలివాడు సీసాను చూసుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

వంతెన దగ్గర స్టెర్గియోస్ గంటసేపు కూర్చున్నాడు. దొడ్డి దగ్గర ఆరు రకాల చీజ్ రుచి చూసి, ఏదీ కొనలేదు. ఎవరైనా వెంట వస్తున్నారేమోనని కారు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

"వాడి ముఠా ముందే చేరి ఉంటుంది. సొరంగం వైపే తిప్పు," అన్నాడు, దారి చీలిన చోట.

స్టీరింగ్ వాయా చేతిలో ఉంది. ఆమె తిప్పలేదు.

ఏడో మలుపు వచ్చింది.

గూడు కూలిపోలేదు. కొత్తగా వేసిన నీలం రంగు. తుడిచిన అద్దం. ఇంకా వాడని అడవి పూలు.

వాయా తండ్రి చేతిని ముద్దు పెట్టుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను నాన్నా. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. నన్ను క్షమించు."

అతను గూటి మీది కొత్త రంగును వేలితో తడిమి చూశాడు.

"దీపం ఇప్పుడే కొండెక్కినట్టుంది. గాజు ఇంకా వెచ్చగానే ఉంది," అందామె. "నూనె తెచ్చావుగా?"

అతను ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

కింద మేకల బాటలో రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించింది.

ముసలివాడు రొప్పుతూ, మోకాలు పట్టుకుని పైకి వచ్చాడు. తండ్రీకూతుళ్ల మధ్య నుంచే నడిచి, గూడు తలుపు తీసి, సీసా బెండు లాగి దీపంలో నూనె పోశాడు.

దీపం వెలిగించాక, ఫొటో వైపు చూసి అన్నాడు.

"ఆలస్యమైంది తల్లీ. బండి దొరకలేదు."