నాలుగో గడి

"ఆ గీత ఎవరి పేరు?" అని అడిగాడు ముసలాయన.

మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద కాగితం అంటించి, చేతికైన జిగురు తుడుచుకుంటున్నాడు గుమస్తా. ప్రభుత్వం మీద కేసు వేసి గెలిచినవాళ్లకు ఆఫీసు చెల్లించిన లాయరు ఫీజుల జాబితా అది. ఏటా జనం కంటపడేలా అంటించాలని కొత్తగా రూలు వచ్చింది. మొదటి గడిలో కేసు నంబరు. రెండో గడిలో గెలిచినవాళ్ల పేరు. మూడో గడిలో ఇచ్చిన ఫీజు. ఎవరి తప్పుడు ఉత్తర్వు వల్ల ఆఫీసు ఓడిపోయిందో ఆ అధికారి పేరు నాలుగో గడిలో ఉండాలి. అక్కడ పైనుంచి కిందిదాకా అడ్డగీతలే ఉన్నాయి.

"వివరాలు అందుబాటులో లేవండి," అన్నాడు గుమస్తా.

ముసలాయన ఏడో వరుస మీద వేలు పెట్టాడు. అది తన భార్య కేసు. ఆవిడ బట్టలు కుట్టేది. రెండు మిషన్లతో చిన్న దుకాణం. రోడ్డులోకి చొచ్చుకొచ్చిందని గోడ కూల్చేశారు. రోడ్డు మధ్య నుంచి పట్టాల్సిన టేపు కాలువ గట్టు నుంచి పట్టారు. పద్దెనిమిదేళ్లు కోర్టు మెట్లెక్కి గెలిచింది. గెలిచిన నాలుగు నెలలకు పోయింది.

"కూల్చమని సంతకం పెట్టినవాడి పేరు రాయండి," అన్నాడు.

రాస్తే ఏమవుతుందో గుమస్తాకు తెలుసు. అప్పటివాళ్లెవరూ ఇప్పుడు ఆ ఆఫీసులో లేరు. కానీ ఎవరు ఎక్కడ ఏ పెద్ద కుర్చీలో ఉన్నారో ఎవరు చెప్పొచ్చారు? పేరు రాసిన చేతికి మరుసటి నెలే బదిలీ కాగితం వస్తుంది. గీత గీస్తే ఎవడూ కోప్పడడు.

అప్పటినుంచి ప్రతి సోమవారం పదిన్నరకల్లా ముసలాయన హాజరు. కొత్త దరఖాస్తు ఇవ్వడం, రసీదు చేతిలో పడేదాకా కదలకపోవడం. ఆఫీసులో ఆయనకు 'నాలుగో గడి' అని పేరు పెట్టారు. నాలుగో గడి వచ్చాడు, ఫ్యాను ఆపండి, ఉక్కకైనా పోతాడు అనేవాడు క్యాషియరు. ఆపేవారు కూడా. ఆయన పోయేవాడు కాదు. గుమస్తా కుర్చీ తీయించేశాడు. ఆయన నిలబడ్డాడు.

ఫైలు దొరకలేదని రాసిచ్చారు.

"రికార్డు గదిలో రెండో బీరువా, కింది అర," అన్నాడు ముసలాయన. "అక్కడా లేకపోతే ఎలకలు తిన్నాయని రాసివ్వండి. నాలుగో గడిలో ఎలకల పేర్లే వేద్దాం."

ఎవడో ఇంటిదొంగ ఆయనకు ఉప్పందిస్తున్నాడని పెద్ద ఆఫీసరు గుమస్తా మీద ఎగిరాడు. ఎగిరి ఎగిరి చల్లబడ్డాక ఉపాయం చెప్పాడు.

"ఏమయ్యా, ఆయనకు కావలసింది ఒక్క పేరేగా. లోపలికి పిలిచి చెవిలో చెప్పి పంపించెయ్. గోడ మీద మాత్రం పడకూడదు."

గుమస్తా మూడు నెలల తర్వాత మళ్లీ కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. ముసలాయన కూర్చోలేదు. టీ ముట్టుకోలేదు.

"నాకు చెప్పడమెందుకు? నాకు తెలుసు," అన్నాడు.

గుమస్తాకు ఒళ్లు మండింది. "తెలిసి కూడా మా ప్రాణాలు తోడేస్తున్నారా?"

"నాకు తెలిస్తే చాలదు. ఊరికి తెలియాలి."

"ఏదో పొరపాటున పెట్టిన సంతకం అయ్యుంటుంది పెద్దాయనా. ఆయనకూ పెళ్లాం ఉంటుంది కదా. ఇన్నేళ్ల తర్వాత బజారుకీడ్చడం దేనికి?"

"పొరపాటు కాదు. కొలత తప్పని ఆవిడ కాగితం మీద గీసి చూపించింది. చూశాడు. చూసే పెట్టాడు. ఎంత నిక్కచ్చి మనిషో, ఎవరినీ వదలడు అని పేరు తెచ్చుకోవాలని పెట్టాడు. పేరు వచ్చింది. ప్రమోషనూ వచ్చింది. ఆ పేరునే గోడెక్కనివ్వండి."

"వచ్చి కాళ్లు పట్టుకుంటే?"

"పద్దెనిమిదేళ్లూ పట్టుకున్నాడు. ఆవిడే వదల్లేదు. నేను వదులుతానా?"

ఇంత పగ గుమస్తా ఎక్కడా చూడలేదు. ఆ అధికారి ఎవరో గానీ, వాడి మీద జాలేసింది.

ముసలాయన పైకి అప్పీలు వేశాడు. వారంలోగా నాలుగో గడి నింపాలనీ, లేకపోతే గుమస్తా జీతంలో రోజు రోజుకూ కోత పడుతుందనీ పైనుంచి తాఖీదు దిగింది. పెద్ద ఆఫీసరు ఆ మధ్యాహ్నమే నడుం నొప్పని సెలవు పెట్టాడు.

సోమవారం పొద్దున గుమస్తా రెండో బీరువా తెరిచాడు. ఫైలు కింది అరలోనే ఉంది. తెచ్చి బల్ల మీద పడేసి దుమ్ము దులిపాడు. కౌంటరు అవతల ముసలాయన నిలబడి చూస్తున్నాడు.

"పేరు పూర్తిగా రాయండి. పొడి అక్షరాలు వద్దు. అప్పటి హోదా కూడా వేయండి," అన్నాడు.

"రాస్తాను లెండి. మీ కసి తీరేలా రాస్తాను."

గుమస్తా పళ్లు కొరుకుతూ కూల్చివేత ఉత్తర్వు దాకా పేజీలు తిప్పాడు. నంబరు వేసుకోవడానికి ముసలాయన దరఖాస్తును దాని పక్కన పెట్టుకున్నాడు. కలం మూత తీశాడు.

రెండు కాగితాల కిందా ఉన్నది ఒకే సంతకం.