ఆరడుగుల దూరం

"సార్, ఇన్‌స్పెక్షన్! ఎవరో మేడమ్ వచ్చారు!"

గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ పెట్టిన కేకకి బిల్డర్ చేతిలోని టీ ఒలికింది. పక్కనే నిలబడ్డ మేస్త్రీ గేటు వైపు తిరిగాడు.

కొత్త నిబంధనలు వచ్చి నెల దాటింది. మూతికి మాస్కు, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం, తలకు హెల్మెట్టు, ఎత్తున పనిచేసేవాళ్ల నడుముకు బెల్టు, అంతస్తుల చుట్టూ వల. ఇవి లేకపోతే సైటుకు తాళం పడుతుంది.

బిల్డర్ వీటిని తనదైన పద్ధతిలో పాటించాడు. 'మీ భద్రతే మా ఊపిరి' అని గోడంత బ్యానరు కట్టించాడు. జబ్బంటే ఆయనకు చచ్చేంత భయం. అందుకని మాస్కులూ, చేతులకు రాసుకునే శానిటైజరూ దండిగా తెప్పించాడు. ఎవరైనా దగ్గరికొస్తే గొడుగుతో అడ్డుకునేవాడు. పైనుంచి పడేది తను కాదు కాబట్టి బెల్టులూ వలలూ మాత్రం 'రేపు చూద్దాం'లోనే ఉండిపోయాయి. హెల్మెట్లు నాలుగైదు కొన్నాడు, ఫొటోల కోసం. వాటిలో ఒకటి నిన్నట్నుంచి కనిపించడం లేదు. దాని కోసం పొద్దున్నే మేస్త్రీని నానా మాటలూ అన్నాడు.

మేస్త్రీకి ఆ తిట్లు చెవికెక్కలేదు. ఆయన దిగులు వేరే ఉంది. పోయిన వారం ఆయన బామ్మర్ది నాలుగో అంతస్తు అంచున చెక్క జారి, ఒంటిచేత్తో ఇనప చువ్వ పట్టుకుని వేలాడాడు. నలుగురూ కలిసి లాగితే బతికాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మేస్త్రీ భార్యకి కంటి మీద కునుకు లేదు.

"ఒక్కగానొక్క తమ్ముడండీ. పని మానేస్తే వాడికి గడవదు. బెల్టు లేకుండా వాణ్ని మళ్లీ ఎక్కించారో, నేను మనిషిని కాను" అంది.

మేస్త్రీ బిల్డర్‌ని అడిగాడు. బతిమాలాడు. నేనే పని మానేస్తానని కూడా బెదిరించాడు.

"మానెయ్. గేటు బయట నీలాంటివాళ్లు బోలెడుమంది" అన్నాడాయన, చీమ కుట్టినట్టయినా లేకుండా.

మేస్త్రీ ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాడు. భార్య వింటూ చేటలో బియ్యం ఏరుకుంది. ఈ పూట బయల్దేరుతుంటే మాత్రం, "వచ్చేటప్పుడు పాలు తెండి, మర్చిపోకండి" అంది.

ఇంతలో ఈ ఇన్‌స్పెక్షన్.

వచ్చినావిడ తలకు హెల్మెట్టు, మూతికి మాస్కు, కళ్లకు నల్లద్దాలు, చేతులకు గ్లవుజులు. నిబంధనలన్నీ ఒంటిమీదే ఉన్నాయి. సైటంతా ఆమెను క్షణంలో ఇన్‌స్పెక్టరమ్మని చేసేసింది.

బిల్డర్ చేతులు నులుముకుంటూ ఎదురెళ్లాడు. "నమస్కారం మేడమ్. తమరు ఏ ఆఫీసు నుంచి..."

"అక్కడే ఆగండి! ఆరడుగులు!"

బిల్డర్ బిక్కచచ్చి ఆగిపోయాడు. ఆమె మెడలోని కార్డును దూరం నుంచే ఆడించింది.

"దగ్గరికొచ్చి చదువుకుంటారా?"

"అబ్బే, వద్దండి, వద్దండి."

ఇన్‌స్పెక్టరమ్మ సిమెంటు బస్తాల వెనక్కి నడిచి టార్పాలిన్ ఎత్తింది. కింద విరిగిన నిచ్చెన. "దీనికి చలేస్తోందా, దుప్పటి కప్పారు?"

బిల్డర్ గబగబా గోడ మీది బ్యానరు చూపించాడు.

ఆమె నాలుగో అంతస్తు ఎక్కింది. అంచుదాకా వెళ్లి కిందికి చూసింది. అక్కడి ఇనప చువ్వను ఒకసారి చేత్తో తడిమింది. తర్వాత గిరుక్కున మేస్త్రీ వైపు తిరిగింది.

"నువ్వేనా మేస్త్రీవి?"

"అవునండి."

"ఏం మనిషివయ్యా? చెప్పిన మాట ఒక్కటైనా బుర్రకెక్కుతుందా? చిన్నవాళ్లు గాల్లో వేలాడుతుంటే గుడ్లప్పగించి చూస్తావా? ముందు ఆ చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకో!"

మేస్త్రీ తల దించుకుని గుండీలు పెట్టుకున్నాడు. గుండీల సంగతి ఏ నిబంధనలో ఉందో బిల్డర్‌కి అంతుబట్టలేదు. అయినా తిట్లు తన మీద పడనందుకు లోలోపల సంబరపడ్డాడు. అక్కడే ఇటుకలు అందిస్తున్న బామ్మర్దికి మాత్రం ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చింది. గోడవైపు తిరిగి భుజాలు ఎగిరేలా దగ్గాడు.

"ఆ అబ్బాయికి జ్వరముందేమో చూడండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

బిల్డర్ ఒక్క గెంతులో మెట్ల దగ్గరున్నాడు.

"అందరికీ బెల్టులు, చుట్టూ వల. సాయంత్రంలోగా. లేదంటే ఈ గేటుకి తాళమే."

బిల్డర్ ఫోను తీశాడు. నెలరోజులుగా రాని సరుకు ఆగమేఘాల మీద వచ్చింది.

"కాస్త కాఫీ, మేడమ్..."

"మాస్కు తియ్యకూడదు."

ఆయన జేబులోంచి ఒక కవరు సగం పైకి లాగాడు.

"దూరం!"

కవరు జేబులోకి పోయింది.

వల కట్టేదాకా ఆమె కదల్లేదు. బామ్మర్ది బెల్టు పెట్టుకున్నాక, తనే దగ్గరికెళ్లి కొక్కెం గట్టిగా లాగి చూసింది. మళ్లీ లాగింది. ఆరడుగుల సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. మేస్త్రీ కళ్లు చెమ్మగిల్లాయి. వారం రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

ఆమె వెళ్లాక బిల్డర్ చెమట తుడుచుకున్నాడు. "అమ్మో, ఏం ఆడమనిషయ్యా! ఆవిణ్ని కట్టుకున్నవాడి గతేమిటో!"

"నిజమేనండి" అన్నాడు మేస్త్రీ వినయంగా.

పొద్దుగూకాక ఆయన ఇంటి గడప తొక్కగానే ఇన్‌స్పెక్టరమ్మ హెల్మెట్టు తెచ్చి చేతిలో పెట్టి, "ఏమండీ, పాలు తెచ్చారా, మళ్లీ మర్చిపోయారా?" అని అడిగింది.